మహబూబ్ అలీ పాషా దుస్తుల మేడ

రంజాన్ నెల సగం దాటేసరికి మా మామిడికుదురులో దర్జీలకు ఊపిరి సలపదు. పండుగకు కొత్త బట్టలు కుట్టించుకోవడం, లేనివారు ఉన్నవాటిలోనే మంచివి ఉతికి తొడుక్కుని ఈద్గాహ్‌కు వెళ్ళడం మనకు సున్నతూ, సంబరమూ. అందులో ఎవరికీ అభ్యంతరం లేదు. అయితే కొన్నేళ్ళుగా నేనొక కొత్త సంగతి గమనిస్తున్నాను. మన కుర్రవాళ్ళు దర్జీకి కొలతలు ఇవ్వడంతో ఆగడం లేదు. సెల్‌ఫోను తీసి అందులో ఒక ఫొటో చూపిస్తున్నారు. కాలరు ఇలా ఉండాలి, చేతులు ఇక్కడిదాకా రావాలి అంటున్నారు. ఆ ఫొటోలో ఉన్నది ఒక సినిమా నటుడో, క్రికెట్ ఆటగాడో, లేక కువైట్‌లో పనిచేస్తున్న ఖాలా కొడుకో. కుట్టేది మా ఊరి దర్జీ, తొడుక్కునేది మా ఊరి పిల్లవాడు, కానీ ఏం తొడుక్కోవాలో నిర్ణయించేది ఎక్కడో ఉన్న మూడో మనిషి.

ఈ మూడో మనిషి ఇవాళ పుట్టినవాడు కాడు. నవాబుల హవేలీలలోనూ ఉండేవాడు. మన తెలుగు దేశంలో దుస్తుల విషయంలో అందరికంటె ఎక్కువ పేరు మోసిన ఒక పాలకుడి జీవితమంతా ఇలాంటి మూడో మనుషుల నడుమే గడిచింది. ఆయన ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. హైదరాబాదు జనం ఆయనను మహబూబ్ అలీ పాషా అని ప్రేమగా పిలుచుకున్నారు. మహబూబ్ అంటేనే ప్రేమపాత్రుడు అని అర్థం.

కొన్నేళ్ళ క్రితం విద్యార్థులను వెంటబెట్టుకుని హైదరాబాదు వెళ్ళినప్పుడు పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం చూశాము. ఏడవ నిజాముకు 1937లో జరిగిన రజతోత్సవంలో వచ్చిన కానుకలను అక్కడ పెట్టి, 2000 సంవత్సరం ఫిబ్రవరిలో దాన్ని ప్రజలకు తెరిచారు. వెండి బంగారు వస్తువులను పిల్లలు గబగబా చూసేసి ముందుకు నడిచారు. వారి కాళ్ళు ఆగిపోయింది మాత్రం ఆరవ నిజాం దుస్తుల బీరువాల దగ్గర. బర్మా టేకుతో చేసిన బీరువాలు ఒకదాని పక్కన ఒకటి, వరుసగా 176 అడుగుల పొడవున, రెండు అంతస్తులుగా ఉన్నాయి. పై అంతస్తుకు ఎక్కడానికి చేతితో లాగే చెక్క లిఫ్టు ఉంది. మా పిల్లలకు అడుగుల లెక్క తలకెక్కలేదు. మన కోనసీమ తోటలో పాతిక అడుగులకొక కొబ్బరిచెట్టు పాతుతాము కదా, ఎనిమిది చెట్ల వరుస ఎంత పొడుగో ఈ బీరువాల వరుస అంత పొడుగు అని చెప్పాక నోళ్ళు తెరిచారు. ఇదంతా ఒక్క మనిషి బట్టలకు.

అంత మేడ కట్టించుకున్న ఆ మనిషికి బట్టలు తొడుక్కోవడం ఎవరు నేర్పారు? ఆ రోజు నుంచి ఈ ప్రశ్న నన్ను వదలలేదు. ఆయన జీవితాన్ని ఆ కోణం నుంచే చెబుతాను.

మహబూబ్ అలీ 1866 ఆగస్టులో ఆ పురానీ హవేలీలోనే జన్మించారు. తండ్రి ఐదవ నిజాం అఫ్జలుద్దౌలా 1869 ఫిబ్రవరిలో మరణించేనాటికి పిల్లవాడికి రెండున్నరేళ్ళు. మాటలు కూడా సరిగా రాని ఆ వయసులో ఆయనను మస్నద్ మీద కూర్చోబెట్టారు. రాజ్యభారం దివాను సర్ సాలార్ జంగ్, ఆయనతోపాటు పాయెగా వంశపు పెద్ద అమీరె కబీర్ షంషుల్ ఉమ్రా వహించారు.

ఆ పట్టాభిషేకంలోనే బట్టలకు సంబంధించిన ఒక పెద్ద తగాదా తేలిపోయింది. అప్పటిదాకా నిజాం దర్బారుకు వచ్చే ఇంగ్లీషు రెసిడెంటు చెప్పులు విడిచి, అందరితోపాటు నేల మీద కూర్చోవలసిందే. మసీదులోనైనా, పెద్దల ఇంట్లోనైనా మనం చేసేది అదే. 1857 తర్వాత ఇంగ్లీషువారికి అది నామోషీ అయింది. 1869లో పసివాడు మస్నద్ మీద ఉన్న అదను చూసుకుని, రెసిడెంటు బూట్లతోనే దర్బారులోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. బూట్లు విప్పడమా మానడమా అన్నది చిన్న సంగతిలా కనబడుతుంది. కానీ ఎవరు ఎవరి ఇంట్లో ఉన్నారో ఆ బూట్లు చెప్పేశాయి. ఆ రోజు నుంచి మహబూబ్ అలీ పాషా జీవితంలో ఇంగ్లీషువారి ముచ్చటా, మన మర్యాదా ఒకే గదిలో నడిచాయి.

పసివాడి చుట్టూ ఉన్న మనుషుల్లో మొదట చెప్పుకోవలసినది సాలార్ జంగ్. అప్పటి ఫొటోలలో ఆయన నిరాడంబరమైన పొడుగు కోటు, తలకు దస్తార్ ధరించి కనిపిస్తారు. 1876లో ఆయన ఐరోపా వెళ్ళారు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ పట్టా ఇచ్చింది. ఈనాడు సాలార్ జంగ్ మ్యూజియంలో అందరూ గుంపుగా నిలబడి చూసే మేలిముసుగు రెబెకా పాలరాతి బొమ్మను ఆయన ఆ ప్రయాణంలోనే రోములో కొన్నారు. ఐరోపా అంతా చూసి వచ్చిన ఆ మనిషి తన తలపాగా మాత్రం తీయలేదు.

షేర్వానీ రూపుదిద్దుకున్నది కూడా ఆ కాలంలోనే. మన పెద్దల అంగరఖా, అచ్కన్‌ల పొడవు, ఇంగ్లీషువారి ఫ్రాకు కోటు కుట్టుపని కలిసి పుట్టిన దుస్తు అది. మెడ దగ్గర మూసిన కాలరు, గొంతు నుంచి నడుము దాకా బొత్తాలు, మోకాళ్ళ కిందికి జారే అంచు. అందులో ఎవరి పాలు ఎంత అని విడదీయడం కష్టం. నిజాం దర్బారులో దాని పైన నడుముకు బగ్లూస్ అనే పటకా, తలకు దస్తార్ తప్పనిసరి. అది ముస్లిముల దుస్తు అని ఎవరూ అనుకోలేదు. 1901 నుంచి దివానుగా ఉన్న మహారాజా కిషన్ పర్షాద్ హిందువు. ఆయన దర్బారుకు వచ్చినా అదే షేర్వానీ, అదే దస్తార్. తరువాతి కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థులు మతభేదం లేకుండా షేర్వానీలోనే తరగతులకు వెళ్ళారు.

ఇక గుడ్డ సంగతి. పురుషులకు స్వచ్ఛమైన పట్టు నిషిద్ధమని మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మరి నవాబులు ఏం తొడిగేవారు? దానికి మన నేతగాళ్ళు చేసిన ఉపాయం మష్రూ. ఆ పేరుకు షరీఅత్ అనుమతించినది అని అర్థం. పైకి పట్టు పోగులు మెరుస్తాయి, ఒంటికి తగిలే వైపు నూలు ఉంటుంది. నిజాం రాజ్యంలో భాగమైన ఔరంగాబాదులో హిమ్రూ అని మరో రకం నేసేవారు, అందులోనూ నూలూ పట్టూ కలిసే ఉండేవి. చూసేవారికి ఒకటి, తొడిగేవారికి మరొకటి. ఈ ఉపాయాన్ని మెచ్చుకోవాలో, నవ్వుకోవాలో నాకు ఇప్పటికీ తేలదు. కానీ దేవుని ఆజ్ఞ పట్ల ఎంతో కొంత భయం ఉండబట్టే కదా ఆ నేతగాడు అంత శ్రమపడ్డాడు.

బాల నిజాముకు 1875లో ఇంగ్లండు నుంచి ఒక గురువును రప్పించారు. ఆయన పేరు కెప్టెన్ జాన్ క్లార్క్. తర్వాత ఆయన సోదరుడు క్లాడ్ క్లార్క్ ఆ పని చూశారు. ఇంగ్లీషు భాష, గుర్రపు స్వారీ, బల్ల ముందు భోజనం చేసే పద్ధతి, వాటితోపాటు ఇంగ్లీషు దొరల దుస్తుల పట్ల మోజు ఆ చదువు నుంచే వచ్చాయి. 1877లో పదేళ్ళ వయసులో ఆయనను సాలార్ జంగ్ ఢిల్లీ దర్బారుకు తీసుకువెళ్ళారు. హిందూస్తాన్ రాజులందరూ నగలు, కిన్‌ఖాబ్‌లు ధరించి ఒకరిని మించి ఒకరు వచ్చిన చోటు అది. పదేళ్ళ పిల్లవాడు అక్కడ ఏం చూసి ఉంటాడో మనం ఊహించుకోవచ్చు.

ఇంగ్లీషు గురువుతోపాటు మరో ఉస్తాదు కూడా ఉన్నారు. ఆయనను గురించి చెప్పకపోతే నా చదువుకు ద్రోహం చేసినట్టే. ఆయన మౌలానా అన్వారుల్లాహ్ ఫారూఖీ, రహ్మతుల్లాహ్ అలైహ్. నాందేడు ప్రాంతంలో 1848లో పుట్టి, హైదరాబాదులో జామియా నిజామియాను స్థాపించిన మహనీయులు ఆయనే. నిజాం ప్రభుత్వం ఆయనకు ఫజీలత్ జంగ్ అనే బిరుదు ఇచ్చింది. బిరుదులు వచ్చినా ఆయన బతుకు ఒక మదరసా ముదర్రిస్ బతుకులాగే సాగింది. వచ్చిన జీతంలో తనకూ ఇంటికీ పోను మిగిలినది విద్యార్థులకే అన్నట్టు బతికారు. మహబూబ్ అలీ పాషాకు ధార్మిక విద్య చెప్పింది ఆయనే. ఆ తర్వాత చాలా ఏళ్ళకు మహబూబ్ అలీ పాషా కుమారుడు ఉస్మాన్ అలీ ఖాన్‌కు చెప్పిందీ ఆయనే. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్ళీ దాని దగ్గరకు వస్తాము.

1883 ఫిబ్రవరిలో సాలార్ జంగ్ కలరా సోకి మరణించారు. మరుసటి ఏడు 1884 ఫిబ్రవరి 5న వైస్రాయి లార్డ్ రిప్పన్ హైదరాబాదు వచ్చి, పదిహేడేళ్ళ మహబూబ్ అలీకి సర్వాధికారాలు అప్పగించారు. చిన్నప్పటి నుంచి అదుపులో పెట్టిన చేయి లేదు. చేతినిండా ఖజానా ఉంది. ఆ వయసులో మన పిల్లలకు పండుగ జేబుఖర్చు వంద ఎక్కువిస్తేనే తెల్లారేసరికి అయిపోతుంది.

ఇప్పుడు ఆయన జీవితంలోకి అసలైన మూడో మనిషి వచ్చాడు. పేరు ఆల్బర్ట్ ఆబిద్. ఆర్మీనియా మూలాలున్నవాడు. నిజాముకు ఖాస్ నౌకరు. దుస్తులు, బూట్లు, గడియారాలు, బొత్తాలు అన్నీ అతని అజమాయిషీలో ఉండేవి. ఉదయం హుజూర్ ఏం తొడగాలో, సాయంత్రం ఏం తొడగాలో తీసి పెట్టేది అతనే. అధికారం పేరుకు నిజాముది, కానీ అద్దం ముందు నిలబడ్డ నిజాం మీద అధికారం ఆబిద్‌ది. పాషాకు ఒకసారి తొడిగిన దుస్తులు మరొకసారి తొడిగే అలవాటు లేదని, కొన్న వస్తువుల్లో చాలావాటిని ఆయన కన్నెత్తి చూసేవారు కూడా కాదని, వాటినే ఆబిద్ బయటకు దాటించి కొన్నాళ్ళకు మళ్ళీ కొత్త సరుకుగా ఆయనకే అమ్మేవాడని హైదరాబాదులో తరతరాలుగా చెప్పుకుంటారు. ఇందులో ఎంత నిజమో, ఎంత ముచ్చటో గాని, ఆబిద్ పెద్ద దుకాణం తెరిచింది మాత్రం వాస్తవం. ఆ దుకాణం ఎన్నడో పోయింది. ఆ చౌరస్తా పేరు మాత్రం ఆబిడ్స్‌గా మిగిలింది. ఇవాళ మన కోనసీమ నుంచి పెళ్ళి బట్టల కోసం హైదరాబాదు వెళ్ళేవాళ్ళు ఆబిడ్స్‌లో తిరుగుతూ ఆ పేరు ఒక నౌకరుదని ఎరుగరు. తన దొరకు దుస్తులు తొడిగినవాడి పేరు నగరానికి మిగిలిపోయింది!

1891లో సిమ్లా వ్యాపారి అలెగ్జాండర్ జేకబ్ ఒక పెద్ద వజ్రాన్ని నిజాముకు అమ్మజూపినప్పుడు మధ్యవర్తిగా నిలబడింది కూడా ఈ ఆబిదే. ఆ బేరం చెడి కలకత్తా కోర్టు దాకా వెళ్ళింది. ఒక పాలకుడు వాంగ్మూలం ఇవ్వవలసి రావడం ఆ రోజుల్లో పెద్ద అవమానం. జేకబ్ నిర్దోషిగా బయటపడ్డాడు గాని వ్యాపారంలో చితికిపోయాడు. చివరకు వజ్రం నిజాం దగ్గరే మిగిలింది. అది అచ్చిరాలేదని పాషా దాన్ని ముట్టుకోలేదని అంటారు. ఆయన పోయాక చాలా ఏళ్ళకు ఆయన పాత చెప్పు ముందుభాగంలో దూర్చి ఉన్న ఆ వజ్రం కొడుకుకు దొరికిందనీ, ఆ కొడుకు దాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా వాడుకున్నాడనీ కథ. 184 క్యారెట్లకు మించిన ఆ జేకబ్ వజ్రం నిజాం నగలతోపాటు 1995లో భారత ప్రభుత్వానికి చేరింది. మొత్తం 173 నగలకు ప్రభుత్వం చెల్లించింది 218 కోట్ల రూపాయలు.

దుస్తులు ఎంతటివైనా చూసేవారుంటేనే వాటికి పేరు. పాషా దుస్తులను మనదాకా చేర్చిన మనిషి ఫొటోగ్రాఫరు రాజా దీన్ దయాళ్. ఆయన తీసిన ఫొటోలలో మహబూబ్ అలీ పాషా ఒకచోట షేర్వానీలో, ఒకచోట ఇంగ్లీషు సూటులో, మరొకచోట వేట దుస్తులలో కాలి కింద పులితో కనిపిస్తారు. ముప్పైకి పైగా పులులను కొట్టినవాడు కాబట్టి తీస్ మార్ ఖాన్ అనే మాట ఆయనకు వర్తించింది అంటారు. బుగ్గల మీదికి పెంచిన ఆ మీసకట్టు, చిన్న దేహం, పెద్ద కళ్ళు. ఇవాళ్టి కుర్రవాళ్ళు సెల్‌ఫోనులో ఫొటో చూపించినట్టే ఆనాటి జాగీర్‌దార్లు ఆ ఫొటోలు చూసి దర్జీలకు చెప్పి ఉంటారు. ఒకరి దుస్తులను తీర్చినవారు ఉన్నట్టే, ఆయనను చూసి తీర్చుకున్నవారూ ఉంటారు. గొలుసు అలా సాగుతుంది.

ఆయన కవి కూడా. ఆసిఫ్ అనే తఖల్లుస్‌తో గజళ్ళు రాశారు. ఢిల్లీ నుంచి వచ్చిన దాగ్ దెహ్లవీని తన ఉస్తాదుగా నియమించుకున్నారు. దాగ్ సాహెబ్ 1905లో మరణించేదాకా హైదరాబాదులోనే ఉన్నారు. ఉర్దూ చదివే పాఠకులకు ఈ సంగతులు కొత్త కావు గనుక ఇంతటితో వదిలేస్తాను.

1902లో మరో దెబ్బ తగిలింది. బీరారు ప్రాంతాన్ని ఏడాదికి పాతిక లక్షల రూపాయల కౌలుకు శాశ్వతంగా ఇంగ్లీషువారికి వదులుకునేలా వైస్రాయి కర్జన్ ఆయనను ఒప్పించాడు. బంగారంలాంటి పత్తి భూములు అవి. దానికి ప్రతిగా కొత్త సంవత్సరంలో ఆయన షేర్వానీ మీదికి ఒక పతకం వచ్చింది. దాని పేరు ఇంగ్లీషులో జి.సి.బి. అనే మూడు అక్షరాలు. గేవ్ కర్జన్ బీరార్, అంటే కర్జనుకు బీరారు ఇచ్చేశాడు అని ఆ అక్షరాలకు చమత్కారులు అర్థం చెప్పారు. బట్టల మీద ఎదుటివాడు తగిలించినదానికి మనం ఎంత చెల్లిస్తామో చూడండి.

ఇంత చదివి ఆయన వట్టి విలాసపురుషుడని పాఠకులు అనుకుంటే అది అన్యాయం. జనం ఆయనను ప్రేమించింది దుస్తుల కోసం కాదు. రాత్రిళ్ళు మారువేషంలో, మామూలు మనిషి బట్టలతో బస్తీలు తిరిగి జనం కష్టసుఖాలు తెలుసుకునేవారని పాతబస్తీ వృద్ధులు చెప్పుకునేవారు. ఖలీఫా హారూన్ రషీద్‌ను గురించి చెప్పే కథల్లాంటివే ఇవి. కథలైనా కావచ్చు. అయితే 1908 సెప్టెంబరు 28న జరిగింది కథ కాదు. మూసీ నది ఒక్క రాత్రిలో పొంగి నగరం మీద పడింది. పదిహేను వేలమంది దాకా చనిపోయారని అంచనా. వంతెనలు కొట్టుకుపోయాయి. గోదావరి వరదలు ఎరిగిన మనకు ఆ రాత్రి ఎలా ఉండి ఉంటుందో ఎవరూ చెప్పనక్కరలేదు. మన దగ్గర ఏటిగట్టు తెగుతుందేమోనని ముందే జాగారం చేస్తాము, పాపం వారికి ఆ గడువు కూడా దొరకలేదు. ఉర్దూ రుబాయీలకు పేరుపొందిన అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతురిని ఆ వరదలోనే పోగొట్టుకున్నారు.

పాషా తన మహళ్ళ తలుపులు నిరాశ్రయులకు తెరిపించారు. వారికి తిండీ బట్టా ఇప్పించారు. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి వరదలను అదుపు చేసే పథకం వేయించారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చెరువులు తరువాత అలా వచ్చినవే. ఆ వరద రోజున హిందూ పెద్దల సలహాపై ఆయన వారి పద్ధతిలో దుస్తులు మార్చుకుని మూసీ ఒడ్డుకు వెళ్ళి నదిని శాంతింపజేయబోయారని కూడా చెప్పుకుంటారు. దీన్ని ధర్మం ఒప్పుకోదని ఉపాధ్యాయుడిగా చెప్పవలసిందే, చెబుతాను. కానీ ఆ కథను ఇన్నేళ్ళుగా జనం కళ్ళు తుడుచుకుంటూ చెప్పుకోవడంలో ఆయన మీద వారికున్న అభిమానం కనిపిస్తుంది. అలాగే ఆయన పేరు చెబితే పాము విషం దిగుతుందని పల్లెల్లో నమ్మేవారు. అది కూడా మన అఖీదాకు సరిపడదు. పాము కరిస్తే ఆసుపత్రికే వెళ్ళాలి. మన కొబ్బరితోటల్లో ఈ మాట మరీ గట్టిగా చెప్పవలసి ఉంది.

ఫలక్‌నుమా మహలు మొదట ఆయనది కాదు. పాయెగా అమీరు వికారుల్ ఉమ్రా కట్టించుకున్నది 1897లో ఆయన చేతికి వచ్చింది. అక్కడే 1911 ఆగస్టు 29న మహబూబ్ అలీ పాషా కన్నుమూశారు. నలభై అయిదేళ్ళు మాత్రమే. మక్కా మసీదు ఆవరణలో తండ్రితాతల సమాధుల వరుసలో ఆయన సమాధి ఉంది. మా పిల్లలను అక్కడికి కూడా తీసుకువెళ్ళాను. 176 అడుగుల బీరువాలు చూసి వచ్చిన రోజే ఆ సమాధిని చూశారు. ఆయనకు కఫన్ ఎన్ని గుడ్డలు సార్ అని ఒక చిన్నవాడు అడిగాడు. అందరికీ లాగే మూడు అని చెప్పాను. వాడు మరేమీ అడగలేదు.

ఇప్పుడు ఉస్తాదు దగ్గరకు తిరిగి వద్దాము. ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌కు చదువు చెప్పింది కూడా మౌలానా అన్వారుల్లాహ్ సాహెబే అన్నాను. ఆ శిష్యుడు 1911లో గద్దెనెక్కాడు. 1937లో అమెరికా వారి టైమ్ పత్రిక ప్రపంచంలోనే అతి పెద్ద ధనవంతుడంటూ ఆయన బొమ్మ అట్ట మీద వేసింది. ఆ ధనవంతుడు తొడిగేది ముతక పైజామా, మాసిపోయిన షేర్వానీ, ఏళ్ళ తరబడి మార్చని ఒకే రూమీ టోపీ. ఆ టోపీ అంచున మురికి పట్టి ఉండేదని చూసినవారు రాశారు. తండ్రి దుస్తుల మేడ ఎదురుగా ఉండగా కొడుకు ఇలా ఎలా తయారయ్యాడు? ఒకే ఉస్తాదు ఇద్దరికీ ఒకే దీన్ చెప్పి ఉంటారు. దుబారా గురించి ఖురాన్ ఆదేశం ఇద్దరూ చదివి ఉంటారు. ఒకరికి అది ఎక్కలేదు, మరొకరికి అవసరానికి మించి ఎక్కింది.

నాకు తోచింది చెబుతాను. ఉస్మాన్ అలీ ఖాన్ దుస్తులను తీర్చింది ఉస్తాదు ఒక్కరే కాదు, ఎక్కువ భాగం తండ్రే. తండ్రి చుట్టూ మూగిన ఆబిద్‌లను, జేకబ్‌లను చూసి పెరిగిన కొడుకు ఏ నౌకరూ తనను తయారు చేయకూడదు, ఏ వ్యాపారీ తన గుమ్మం ఎక్కకూడదు అనుకుని ఉంటాడు. ఒకరిని చూసి అలా ఉండాలనుకోవడం ఒక దారి. ఒకరిని చూసి అలా ఉండకూడదనుకోవడం రెండో దారి. రెండింటిలోనూ మన గుండీలు పెట్టేది ఎదుటి మనిషే. అయితే కొడుకు పద్ధతిని కూడా నేను ఆదర్శం అనను. అల్లాహ్ ఇచ్చిన అనుగ్రహం మనిషి మీద కనబడాలని దైవప్రవక్త (స) నేర్పారు, శుభ్రత విశ్వాసంలో భాగమని నేర్పారు. చినిగినదాన్ని కుట్టుకోవడం సున్నత్, మాసినదాన్ని ఉతకకపోవడం కాదు. ఆయన 1967 ఫిబ్రవరి 24న మరణించారు. కింగ్ కోఠీకి ఎదురుగా ఉన్న జూదీ మసీదులో ఖననం చేశారు.

ఈ ఇద్దరి సంగతీ మామిడికుదురులో కూర్చుని ఇంత పొడుగున ఎందుకు రాస్తున్నావని పాఠకులు అడగవచ్చు. మన గోదావరి సీమ 1766 ఒప్పందంతోనే నిజాం చేతి నుంచి ఇంగ్లీషు కంపెనీకి పోయింది. మహబూబ్ అలీ పాషా కాలానికి మనం మద్రాసు రాజధానిలో ఉన్నాము. మన పెద్దలు షేర్వానీ ఎరుగరు. మా తాతగారు నిఖాహ్‌కు తెల్ల లాల్చీ, గళ్ళ లుంగీ, భుజాన బండారులంక మగ్గం తువ్వాలు వేసుకుని కూర్చున్నారట. షేర్వానీ మన దగ్గరకు ఈ ముప్పై నలభై ఏళ్ళలో సినిమాల ద్వారా, గల్ఫు డబ్బు ద్వారా, హైదరాబాదు సంబంధాల ద్వారా వచ్చింది. వస్తే వచ్చింది, అందమైన దుస్తే. కానీ దానితో ఒక మాట కూడా వచ్చింది. పెళ్ళికొడుకు వారు ఆడపిల్ల వారి దగ్గర తీసుకునే కట్నాన్ని ఉర్దూలో జోడే కీ రఖం అంటారు. అంటే వరుడి దుస్తుల జత కోసం డబ్బు. జత పేరు చెప్పి లక్షలు తీసుకుంటున్నారు. కట్నం అంటే తప్పు, జోడా అంటే మర్యాద అయిపోయింది.

నేను ఇది ఎవరినో వేలెత్తి చూపడానికి రాయడం లేదు. మా చెల్లెలి కొడుకు నిఖాహ్ అయి నాలుగేళ్ళయింది. పెళ్ళికొడుక్కి జరీ పని చేసిన షేర్వానీ కావాలని మా వైపు నుంచే వెళ్ళింది మాట. పిల్ల తండ్రి రొయ్యల చెరువు మీద కూలిపని చేసుకునేవాడు. వడ్డీకి తెచ్చి కొనిపెట్టాడని నాకు పెళ్ళికి ముందే తెలుసు. ఆ వారం జుమా తర్వాత దుబారా మీద ప్రసంగించినవాడిని నేనే. నిఖాహ్ రోజున పెళ్ళికొడుకు పక్కనే కూర్చుని, ఆ షేర్వానీ మెరుపు చూస్తూ, నోరు తెరవలేదు. ఫొటోలో నేను కూడా ఉన్నాను. కొత్త లాల్చీలో.

మా మేనల్లుడు ఇప్పుడు కువైట్‌లో ఉన్నాడు. వాడు ఆ షేర్వానీని తొడిగింది ఆ ఒక్క రోజే. అది మా చెల్లెలి ఇంట్లో ఇనుప బీరువాలో, ప్లాస్టిక్ సంచిలో వేలాడుతోంది. సముద్రపు గాలికి జరీ నల్లబడుతుందని ఆమె వానలు తగ్గినప్పుడల్లా తీసి దండెం మీద ఎండలో వేస్తుంది. వియ్యంకుడి అప్పు ఇంకా తీరలేదు. కిందటి నెల నేను ఆ ఇంటికి వెళ్ళి, అందులో సగం మేము కడతామని మా చెల్లెలితో, బావగారితో మాట్లాడి వచ్చాను. బావగారు వెంటనే ఔననలేదు, కాదనీ అనలేదు. రంజాన్ లోపల చెబుతానన్నారు.